అప్‌డేట్: బంకమట్టిలో భూగర్భ సంపు, ఇసుక బరువు తీసేశాం

కాకినాడ దగ్గర మెత్తటి సముద్రపు బంకమట్టిలో మురుగునీటి సంపు, దానికొచ్చే పైపులైను కట్టాలి, ముందు నేలను ఎలా గట్టిపరచాలి అని కొన్ని నెలల క్రితం అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

మీరు చెప్పినట్టే మట్టిలోని నీరు బయటికి రావడానికి 1.2 మీటర్ల ఎడంలో నిలువు ప్లాస్టిక్ డ్రెయిన్లు దింపి, ఆ నీటిని పిండే బరువుగా పైన 3 మీటర్ల ఇసుక పోశాం. మట్టిలో నీరు నడవాల్సిన దూరం సగమైతే, బయటికి రావడానికి పట్టే కాలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ లెక్క ఈసారి కళ్లారా చూశాను. కుంగడం కాస్త నెమ్మదించగానే ఇసుక తీసేద్దామని కాంట్రాక్టరు తొందరపెట్టాడు. నాకు ఒకటే టెన్షన్. కానీ మట్టిలోని నీటి ఒత్తిడిని కొలిచే పీజోమీటర్లలో ఆ ఒత్తిడి ఇంకా దిగలేదు, అందుకే ఒప్పుకోలేదు. కుంగుడు కొలతలను బట్టి చివరికి మొత్తం ఎంత కుంగుతుందో అంచనా వేసే అసావోకా పద్ధతిలో గీసి చూసి, అందులో 90 శాతం దాటాకే తీయించాను.

నాకు అసలు తట్టని సంగతి మీలో ఒకరు చెప్పారు: తవ్వి తీసే మట్టికంటే ఖాళీ సంపు తేలిక. దాని భయం కుంగడం కాదు, భూగర్భ జలంలో పైకి తేలడం. అందుకే అడుగు స్లాబును గోడల బయటికి పొడిగించాం, ఆ అంచు మీది మట్టి బరువు సంపును కిందికి పట్టి ఉంచేలా. పైన రోడ్డు మెరక వల్ల కుంగేది పైపు. అది సంపు గోడను కలిసేచోట వంగే జాయింట్లు పెడుతున్నాం.

సోమవారం తవ్వకం మొదలు.