బర్మా పంచాంగానికీ మన పంచాంగానికీ ఉన్న సంబంధం ఏమిటి?

ప్రశ్న (నల్లగొండ):
నమస్కారం. 2025 వైశాఖ పున్నమినాడు నాగార్జునసాగర్ బుద్ధవనంలో కలిసిన మయన్మార్ యాత్రికుల దగ్గర వారి దేశపు క్యాలెండర్ చూశాను. అందులో ఇంగ్లీషు తేదీల పక్కన తిథులు, పైన 1387 అనే సంవత్సరం అచ్చయి ఉన్నాయి. మన ఉగాది ఒక ఏడు మార్చిలో, మరొక ఏడు ఏప్రిల్‌లో వస్తుండగా, తమ కొత్త సంవత్సరం మాత్రం ఏటా ఏప్రిల్ నడుమనే వస్తుందని వారు చెప్పారు. మనలాగే తిథులు లెక్కించేవారికి సంవత్సరాది ఎందుకు కదలదు? ఈ లెక్క ఇక్కడినుంచి వెళ్లినదేనా? తెలిసిన పెద్దలు వివరించగలరు.

జవాబు (సూర్యాపేట):
గణితానికి మూలం మన సూర్యసిద్ధాంతమే. 2025 ఉగాదితో మొదలైన శాలివాహన శకం 1947 నుంచి 560 తీసివేయండి, మీరు చూసిన 1387 వస్తుంది. బర్మాలోని ప్రాచీన జాతి అయిన ప్యూ ప్రజల రాజధాని శ్రీక్షేత్రంలో, శక సంవత్సరాలలో 560 విడిచిపెట్టి, క్రీ.శ. 638 మార్చి 22ను ఆరంభంగా తీసుకున్నారని బర్మా చరిత్రలు చెబుతాయి. ఆ తరువాత పగాన్ రాజ్యం దీనిని స్వీకరించింది.

వారి నెలలు చంద్రునివి, సంవత్సరారంభం సూర్యునిది. మనం చైత్ర శుద్ధ పాడ్యమిని పట్టుకుంటే, వారు తమిళులవలె మేష సంక్రమణాన్ని, అంటే సూర్యుడు మేషరాశిలో ప్రవేశించే వేళను పట్టుకున్నారు. 800 సంవత్సరాలకు 2,92,207 రోజులన్నది వారి సూత్రం. ఇది రుతువుల సంవత్సరం కన్నా ఏడాదికి సుమారు 24 నిమిషాలు ఎక్కువ కనుక, మార్చిలో మొదలైన సంవత్సరాది పద్నాలుగు శతాబ్దాలలో ఏప్రిల్ 17 దాకా జరిగింది. కదలదన్న మాట ఒక మనిషి జీవితకాలానికే సరిపోతుంది.

అయినా దీనిని మన పంచాంగానికి నకలు అనడం న్యాయం కాదు. సంక్రాంతి లేని చాంద్రమాసం మనకు అధికమాసం అవుతుంది. వారు మాత్రం 19 ఏళ్లలో 7 అధికమాసాలనే చక్రాన్ని ఆధారం చేసుకొని, ఆ అధికమాసాన్ని ఎప్పుడూ మన ఆషాఢానికి సమానమైన వాసో నెలకే చేర్చుతారు. 2023లో మనకు అధిక శ్రావణం వచ్చింది, వారికి రెండవ వాసో వచ్చింది. మన గురుపూర్ణిమ జూలై 3న జరగగా, వారి భిక్షువుల వర్షావాసం ఆగస్టు 1 పున్నమితో మొదలైంది.

జవాబు (మహబూబ్‌నగర్):
సూర్యాపేట సార్ గణితం చక్కగా చెప్పారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది, జనజీవితం ఆ లెక్కను విడవకపోవడం. వాసో పున్నమి నుంచి, మన ఆశ్వయుజానికి సరిపోయే తదింజ్యుత్ పున్నమి వరకు భిక్షువులు విహారం విడిచి దూరప్రయాణాలు చేయరు, ఇళ్లలో పెళ్లిళ్లు జరగవు. తింజాన్ అనే సంవత్సరాది పండుగ రోజుల్లో ఇంద్రుడు భూమికి దిగివస్తాడని నమ్మి, పాత ఏటి మాలిన్యం పోవాలని ఒకరిపై ఒకరు నీళ్లు చల్లుకుంటారు. పందెంలో ఓడిన బ్రహ్మ శిరస్సును ఇంద్రుడు ఖండించగా, దానిని దేవకన్యలు ఏడాదికొకరు చొప్పున మోస్తారనీ, అది చేతులు మారే వేళే సంవత్సరాది అనీ వారి పురాణగాథ.

బుధవారాన్ని వారు మధ్యాహ్నంతో రెండుగా విభజిస్తారు. ఉదయం బుధునిది, మిగిలినది రాహువుది. అందుకే యాంగోన్‌లోని ష్వెడగోన్ స్తూపం చుట్టూ ఎనిమిది గ్రహస్థానాలు ఉన్నాయి. దంతాలున్న ఏనుగు బుధుని స్థానానికి, దంతాలు లేని ఏనుగు రాహు స్థానానికి గుర్తు. ఎవరు పుట్టిన వారం స్థానంలో వారు బుద్ధవిగ్రహానికి నీళ్లు పోసి మొక్కుకుంటారు.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. బ్రిటిష్‌వారు వచ్చిన తరువాత ఇది ఎలా నిలిచింది?

జవాబు (సూర్యాపేట):
1885లో రాజ్యం పోయాక కచేరీలలో ఇంగ్లీషు తేదీలే స్థిరపడ్డాయి, కానీ పండుగలు, ముహూర్తాలు పాత లెక్కలోనే సాగాయి. స్వాతంత్ర్యానికి సైతం జ్యోతిష్కులు నిర్ణయించిన 1948 జనవరి 4 తెల్లవారుజాము 4 గంటల 20 నిమిషాల ముహూర్తాన్నే తీసుకున్నారు. ఇదే శకాన్ని వాడిన సయాం (నేటి థాయిలాండ్) రాజ్యం మాత్రం 1889లో దానిని అధికారికంగా విడిచిపెట్టింది. మీరు పాత బర్మా తేదీలను పోల్చుకోదలిస్తే, ఇప్పటి కాలానికైతే ఏప్రిల్ 17 తరువాత ఇంగ్లీషు సంవత్సరం నుంచి 638, జనవరి నుంచి అప్పటివరకు 639 తీసివేయండి.