ఫైబర్ డబ్బాలో వీపీఎన్ టిక్కులన్నీ పెట్టేశాను, అయినా చెరువు కెమెరా రావట్లేదు. ఎంపీఎల్‌ఎస్ తీసుకోమంటున్నారు, తీసుకోవాలా?

చెరువుగట్టు:

నమస్కారం అండి. మాది భీమవరం, రొయ్యల మేత, మందుల షాపు. షాపులో ఒక కంప్యూటర్‌లో ట్యాలీ ఉంటది, పాలకొల్లులో చిన్న బ్రాంచి, అక్కడ మా తోడల్లుడు కూర్చుంటాడు, మొగల్తూరు దగ్గర లీజు చెరువులున్నాయి, అక్కడ షెడ్డులో డీవీఆర్, నాలుగు కెమెరాలు. మూడు చోట్లా ఒకే కంపెనీ ఫైబర్ నెట్, మూడు చోట్లా వాళ్ళిచ్చిన డబ్బానే.

నాకు కావాల్సింది రెండేనండి. పాలకొల్లులో కూర్చుని షాపు ట్యాలీలో బిల్లు కొట్టాలి, షాపులో కూర్చుని చెరువు కెమెరా చూడాలి. డీవీఆర్ యాప్ ఉందిగా అంటారేమో, ఉంది, రాత్రిపూట ఓపెన్ చేస్తే గుండ్రం తిరుగుతానే ఉంటది, పైగా ఆ సర్వర్ ఎక్కడుందో ఎవడిదో తెలీదు.

డబ్బా లోపలికి వెళ్తే సెక్యూరిటీ అని ఒక పేజీ, అందులో వీపీఎన్ పాస్‌త్రూ అని ఉంది, ఐపీసెక్, పీపీటీపీ, ఎల్‌2టీపీ మూడిటికీ టిక్ పెట్టి సేవ్ కొట్టాను. యూజర్ నేమ్ పాస్‌వర్డ్ ఎక్కడ పెట్టాలో మాత్రం ఎంత వెతికినా కనపళ్ళేదు. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చినదాన్ని లోపలి మెషిన్‌కి పంపేది) కూడా చేశాను, రాలేదు. విచిత్రం ఏంటంటే పోర్ట్ ఫార్వర్డింగ్ రాత్రి పెడితే పొద్దున్నకి మాయం, రెండుసార్లు జరిగింది, ఇంట్లో వాళ్ళెవరైనా ముట్టుకున్నారేమో అని అరిచాను కూడా.

కంపెనీకి ఫోన్ చేస్తే సేల్స్ అబ్బాయి వచ్చి, ఇవన్నీ పనిచెయ్యవు సార్, మా దగ్గర ఎంపీఎల్‌ఎస్ వీపీఎన్ ఉంది తీసుకోండి, మూడు చోట్లా ఒకే ఆఫీసులో ఉన్నట్టు ఉంటది, మొత్తం లాక్ అయిపోద్ది, మేం కూడా చూడలేం అన్నాడు. రేటు విన్నాక కాఫీ తాగకుండానే పంపించేశాను, పాపం. మరి అది నిజంగా అంత గొప్పదా, మా డబ్బాలో ఉన్న వీపీఎనూ అదీ ఒకటేనా, తెలిసినవాళ్ళు చెప్పండి.

పంటు_దాటినోడు:

ఏవండోయ్, పాస్‌త్రూ అంటే పేరులోనే ఉంది కదండి. లోపలున్న మీ ల్యాప్‌టాప్ బయట ఎక్కడో ఉన్న వీపీఎన్‌కి, అంటే నెట్ మీద వేసుకునే ప్రైవేటు దారికి, వెళ్తుంటే అడ్డం పడకుండా దారి ఇవ్వడం, అంతే. సర్వర్ కాదది. మీరు గేటు తీసి పెట్టి, చుట్టాలు ఇంకా రాలేదేంటి అని చూస్తున్నారు, పిలిచిందెవర్ని?

ఒక పని చెయ్యండి. డబ్బా స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే డబ్బాకి బయటివైపు అడ్రస్, ఎంతుందో చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మీది సీజీనాట్, అంటే మీలాంటి వాళ్ళు చాలామందికి కలిపి బయటికి ఒకే అడ్రస్. అప్పుడు మీరు ఎన్ని పోర్టులు ఫార్వర్డ్ చేసినా బయటోడు మీ గుమ్మం దాకా రాడు, మీ పైనున్న కంపెనీ నాట్ దగ్గరే ఆగిపోతాడు.

చెరువుగట్టు:

చూశానండి, 100.72 తో మొదలైంది. మూడు చోట్లా 100 ఏ. నాలుగు రోజులు దండగ.

లేబుల్_లెక్క:

మాది తణుకు, ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నా, ఒక సర్వీస్ ప్రొవైడర్ నాక్‌లో (నెట్‌వర్క్‌ని కనిపెట్టుకుని ఉండే సెంటర్) చాలాకాలం నైట్ షిఫ్ట్‌లు చేశాను కాబట్టి రెండో ముక్క నేను చెప్తా. కొంచెం పొడుగు అవుద్ది.

ముందు మీ ఇంట్లోవాళ్ళకి సారీ చెప్పండి. సెట్టింగ్ మాయం చేసింది దాదాపు ఖాయంగా కంపెనీయే. ఈ డబ్బాలని వాళ్ళు టీఆర్-069 అనే దాంతో దూరం నుంచి నడుపుతారు, ఫర్మ్‌వేర్ మార్చినా, కాన్ఫిగ్ మళ్ళీ తోసినా మీరు పెట్టింది కొట్టుకుపోద్ది. డబ్బా మీ ఇంట్లో ఉన్నా తాళంచెవి వాళ్ళ దగ్గర ఉంటది. అందుకే ముఖ్యమైన వీపీఎన్ ఏదీ ఆ డబ్బా మీద పెట్టకండి.

ఇక ఎంపీఎల్‌ఎస్ వీపీఎన్. మీ డబ్బాలో ఉన్న వీపీఎన్‌కీ దీనికీ పేరొక్కటే పోలిక. ఈ ఫీచర్ మీ ఇంట్లో పెట్టె మీద ఉండదు, వాళ్ళ ఎక్స్చేంజిలో ఉండే పెద్ద రౌటర్ మీద ఉంటది, దాన్ని పీఈ అంటాం, ప్రొవైడర్ ఎడ్జ్. మీ వైపు ఉండేది సీఈ, దానికి ఇదంతా ఏమీ తెలియక్కర్లేదు, పక్కనున్న పీఈకి ప్యాకెట్ ఇచ్చేస్తే చాలు. పీఈ లోపల ఒక్కో కస్టమర్‌కి విడిగా ఒక రూటింగ్ టేబుల్ ఉంటది, దాని పేరు వీఆర్ఎఫ్. ఒకే రౌటర్‌లో వంద మంది కస్టమర్లు ఉన్నా ఎవడి టేబుల్ వాడిదే.

భీమవరం వాళ్ళకి రొయ్యల లోడు లెక్కలో చెప్తే తొందరగా ఎక్కుద్ది. ప్లాంటుకి వెళ్ళే లారీలో పదిమంది రైతుల ట్రేలు ఐసేసి ఎక్కిస్తారు కదా. లారీ చీటీ మీద ఏ ప్లాంటుకి వెళ్ళాలో ఉంటది, ట్రే మీద చీటీలో ఏ రైతుదో ఉంటది. ఎంపీఎల్‌ఎస్ వీపీఎన్‌లో ప్యాకెట్ మీద సరిగ్గా ఇలాంటివే రెండు లేబుళ్ళు, ఒక్కోటి 4 బైట్లు. పైది అవతలి పీఈ దాకా తీసుకెళ్ళేది, లోపలిది అక్కడ దిగాక ఏ కస్టమర్ వీఆర్ఎఫ్‌లో వెయ్యాలో చెప్పేది. దారిలో ఉండే పీ రౌటర్లు పైచీటీ చూసి తోలేస్తాయి, రైతెవరో వాటికి అక్కర్లేదు. అందుకే నెట్‌వర్క్ మధ్యలో కస్టమర్ రూట్లు మొయ్యకుండా వేలమందిని నడపగలుగుతారు.

ఇప్పుడు ట్రే మీద రాజుగారి సరుకు అని రాస్తే మన దగ్గర ఏ రాజుగారని అడగాలి కదా, దానికి ఊరు పేరు కలిపి రాస్తాం. అదే రూట్ డిస్టింగ్విషర్. మీకూ ఇంకో కస్టమర్‌కీ లోపల 192.168.1 సిరీసే ఉండొచ్చు, 32 బిట్ల అడ్రస్ ముందు 64 బిట్ల ఆర్డీ తగిలించి 96 బిట్లు చేసేసరికి రెండూ వేరైపోతాయి, అలా చేసి బీజీపీలో, అంటే రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతిలో, పంపుతారు. ఎవరి రూట్లు ఏ వీఆర్ఎఫ్ తీసుకోవాలో చెప్పేది మాత్రం ఆర్డీ కాదు, రూట్ టార్గెట్ అని ఇంకోటి, అది ప్లాంటు గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో లిస్టు లాంటిది. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఈ రెండూ కలిపేసుకుంటారు, నేనూ కలిపేసుకున్నా, ఒకసారి రాత్రి రెండింటికి తప్పు ఆర్‌టీ కొట్టి ఒక కస్టమర్ బ్రాంచికి ఇంకో కస్టమర్ రూట్లు కనిపించేలా చేశా, ఆ సంగతి ఇక్కడ వద్దు. పద్ధతి పాతదేలెండి, ఆర్ఎఫ్‌సీ 2547 అనే ఇంటర్నెట్ పత్రంగా 1999 లో వచ్చింది, 2006 లో 4364 గా తిరగరాశారు.

అసలు విషయం ఇప్పుడు చెప్తా. ట్రేలకి తాళం ఉందా? లేదు. చీటీ మాత్రమే. ఎంపీఎల్‌ఎస్ వీపీఎన్ మిమ్మల్ని పక్కోడి నుంచి విడదీస్తది కానీ దానంతటది ఎన్‌క్రిప్ట్ చెయ్యదు. మేం కూడా చూడలేం అన్న ముక్క సేల్స్ అబ్బాయి సొంత కవిత్వం, లారీ తోలేవాళ్ళు మూత ఎత్తితే కనపడద్ది. బ్యాంకులు ఎంపీఎల్‌ఎస్ తీసుకున్నా పైన ఐపీసెక్ ఎన్‌క్రిప్షన్ వేసుకునేది అందుకే. దాంట్లో మీకు వచ్చే లాభం గోప్యత కాదు, హామీ. ఇంత స్పీడు తగ్గదు, లైను పోతే ఇన్ని గంటల్లో బాగుచేస్తాం అని కాగితం మీద రాసిస్తారు. మూడు సైట్లు, ఒక ట్యాలీ, నాలుగు కెమెరాలకి అది అవసరమా అంటే నా మాట వద్దు.

చెరువుగట్టు:

బాబోయ్, రొయ్యల్లో పెట్టి చెప్పేసరికి మా ఆవిడకి కూడా అర్థమయ్యిందండి. సారీ కూడా చెప్పేశాను. ఒక డౌటు. మాకు మూడు చోట్లా డబ్బా అడ్రస్ 192.168.1.1 ఏ. మీరు చెప్పినట్టు ఆర్డీ వేరు చేసేస్తది కాబట్టి ఎంపీఎల్‌ఎస్ తీసుకుంటే అవి మార్చక్కర్లేదా?

లేబుల్_లెక్క:

మార్చాల్సిందే. వేరు చేసేది మీకూ పక్క కస్టమర్‌కీ మధ్య. మీ మూడు సైట్లూ ఒకే వీపీఎన్‌లో ఉన్నప్పుడు ఇంట్లోనే ముగ్గురికి ఒకే పేరు పెట్టినట్టు, పిలిస్తే ఎవరు పలకాలి. షాపు 192.168.10, పాలకొల్లు 20, చెరువు 30 పెట్టుకోండి. ఏ రకం వీపీఎన్ వేసుకున్నా ఈ పని తప్పదు, డీవీఆర్‌కి, ట్యాలీ మెషిన్‌కి ఫిక్స్‌డ్ అడ్రసులు ఇవ్వడం కూడా.

అమలాపురం_అడ్డా:

నేను ఈమధ్యనే మా బావ వాళ్ళ కొబ్బరి కొట్టుకి, కాకినాడ ఇంటికి ఇలాగే చేశాను, ఆయ్, పని చేస్తాంది. పద్ధతి చెప్తా.

మూడిట్లో ఒక్కటి బయటికి కనపడితే చాలండి, మూడూ అక్కర్లేదు. షాపు లైనుకి స్టాటిక్ ఐపీ, అంటే మారకుండా మీ ఒక్కరికే ఉండే బయటి అడ్రస్, అడగండి, నెలకి కొంత ఎక్స్‌ట్రా తీసుకుంటారు, ఎంపీఎల్‌ఎస్ రేటు ముందు అదసలు లెక్కలోకి రాదు. మిగతా రెండు చోట్లా సీజీనాట్ ఉన్నా పర్లేదు, వాళ్ళే షాపుకి ఫోన్ చేస్తారు అన్నమాట. మూడు చోట్లా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఉన్న చిన్న రౌటర్ పెట్టండి, మైక్రోటిక్ కంపెనీ రౌటర్లలో రౌటర్ ఓఎస్ 7 నుంచి ఉంది, ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ సాఫ్ట్‌వేర్ వేసిన పాత రౌటరైనా సరే. కుదిరితే కంపెనీ డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే ఉత్త వైరులా, పెట్టించుకుని నెట్ లాగిన్, అదే పీపీపీఓఈ, మీ రౌటర్ నుంచే డయల్ చేయించండి, అప్పుడు వాళ్ళు రాత్రిపూట ఏం తోసినా మీ సెట్టింగ్ జోలికి రాదు. ఒప్పుకోకపోతే షాపు డబ్బాలో యూడీపీ పోర్టు 51820 ఒక్కటి మీ రౌటర్‌కి ఫార్వర్డ్ చేయండి, అది పోయినప్పుడల్లా మళ్ళీ పెట్టుకోవడమే.

పాలకొల్లు, చెరువు వైపు పర్సిస్టెంట్ కీప్ అలైవ్, అంటే ఊరికే ఉన్నప్పుడూ షాపుని పలకరించడం, 25 సెకన్లు పెట్టడం మర్చిపోకండి. లేకపోతే కాసేపు ఖాళీగా ఉంటే సీజీనాట్ ఆ దారి మూసేస్తది, అప్పుడు షాపు నుంచి చెరువుకి వెళ్ళలేరు, చెరువు నుంచి షాపుకి మాత్రం వెళ్తది, పిచ్చెక్కిపోద్ది.

పీపీటీపీ మాత్రం ముట్టుకోకండి. దాని పాస్‌వర్డ్ పద్ధతి 2012 లోనే విప్పేశారు, పైగా అది వాడే జీఆర్‌ఈకి పోర్ట్ నంబర్లే ఉండవు కాబట్టి సీజీనాట్ దగ్గర చాలాసార్లు తేలిపోద్ది.

ఇంకొకటి, ట్యాలీ డేటా ఫోల్డర్ షేర్ చేసి పాలకొల్లు నుంచి ఓపెన్ చెయ్యకండి, నత్త నడక, మధ్యలో లైను పోతే డేటాకి కూడా మంచిది కాదు. షాపు మెషిన్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్ళి అక్కడే బిల్లు కొట్టించండి.

పంటు_దాటినోడు:

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, కెమెరా చూసి ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో తెలుసుకుందాం అనుకుంటే మాత్రం దీన్ని నమ్ముకోకండి. కరెంటు పోయిందంటే డబ్బా ఆగుద్ది, కాసేపటికి దారిలో ఆపరేటర్ పెట్టె బ్యాటరీ కూడా అయిపోద్ది, ఏరేటర్ ఆగిన రాత్రే మీకు కెమెరా రాదు. తెల్లారగట్ల ఆక్సిజన్ పడిపోయే టైముకి మీరు గుండ్రం చూస్తా కూర్చుంటారు. ఫేజ్ పోతే ఫోన్‌కి కాల్ చేసే సిమ్ అలారం వేరే పెట్టించండి, దానికి ఫైబర్‌తో పని లేదు.

చెరువుగట్టు:

అప్‌డేట్ అండి. రెండు వారాలు పట్టింది. స్టాటిక్ ఐపీ షాపుకి తీసుకున్నాను, బ్రిడ్జ్ మోడ్ షాపులో ఇచ్చారు, మిగతా రెండు చోట్లా కుదరదన్నారు, పోనీలే అనుకున్నాను. సిమ్ అలారం కూడా పెట్టించాను.

వైర్‌గార్డ్ అయితే కనెక్ట్ అయిపోయింది, పాలకొల్లు నుంచి పింగ్ కొడితే బ్రహ్మాండంగా వస్తాంది, కానీ రిమోట్ డెస్క్‌టాప్ ఓపెన్ చేస్తే నల్ల స్క్రీను వచ్చి ఆగిపోయేది. మా తోడల్లుడు రోజుకి పదిసార్లు ఫోను. ఇదేం రోగం అండి, అనేసి ఇక్కడ పోస్ట్ రాస్తా రాస్తా ఉండగానే అమలాపురం గారు మెసేజ్‌లో చెప్పిన ముక్క గుర్తొచ్చి ఎంటీయూ (ఒక ప్యాకెట్ ఎంత పెద్దది పంపొచ్చో చెప్పే లెక్క) 1412 పెట్టాను, టక్కున వచ్చేసింది. ఎందుకొచ్చిందో మాత్రం తెలీదు.

అమలాపురం_అడ్డా:

పీపీపీఓఈ లైన్లో ప్యాకెట్ 1500 కాదండి, 1492 మాత్రమే పడుద్ది. వైర్‌గార్డ్ దాని చుట్టూ తన సొంత తొడుగు వేస్తది, ఐపీవీ6 మీద వెళ్తే 80 బైట్లు, ఐపీవీ4 మీద 60. 1492 లోంచి 80 తీసేస్తే 1412. మామూలుగా అది 1420 అనుకుని పంపుద్ది. ఐపీవీ6 మీద అయితే 80 కలిసి 1500 అయ్యి 1492 లో పట్టదు. ఐపీవీ4 మీద అయితే 1480 ఏ కాబట్టి పట్టాలి, అప్పుడు మీ దారిలో ఎక్కడో ఇంకా ఇరుకు ఉండి ఉంటది. పింగ్ చిన్నది కాబట్టి దూరిపోద్ది, స్క్రీను బొమ్మ పెద్దది కాబట్టి ఇరుక్కుంటది. పింగ్ వచ్చి పేజీ రాలేదంటే నేనైతే ముందు ఎంటీయూయే చూస్తా. రౌటర్‌లో టీసీపీ ఎంఎస్‌ఎస్, అంటే ఒక ప్యాకెట్‌లో పట్టే అసలు డేటా, కూడా 1372 కి బిగించేయండి.

చెరువుగట్టు:

బిగించానండి. పాలకొల్లు బిల్లులు కొడతాన్నారు. చెరువు మాత్రం రోజూ రాత్రి తొమ్మిదింటికి పోయి పొద్దున్న ఆరింటికి వస్తాంది, లాస్ట్ హ్యాండ్‌షేక్ తొమ్మిది గంటల క్రితం అని చూపిస్తాంది. కీప్ అలైవ్ 25 ఏ ఉంది, కీలు మళ్ళీ చేశాను, కంపెనీకి కంప్లయింట్ పెట్టాను, వాళ్ళు లైను బాగానే ఉందన్నారు. నిన్న రాత్రి బండేసుకుని వెళ్ళి చూస్తే షెడ్డులో ఉన్నదొకటే ప్లగ్గు, కాపలా కుర్రాడు రౌటర్ తీసేసి ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటున్నాడు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ కొని ఇచ్చి వచ్చాను.