షుగర్, బీపీ, థైరాయిడ్, ఇప్పుడు కిడ్నీ: ముగ్గురు డాక్టర్ల మందులు ఎలా సర్దుకోవాలి?

కృష్ణాతీరం:
70 దాటిన పెద్దావిడకు షుగర్, బీపీ, థైరాయిడ్ ఉన్నాయి. కొత్తగా ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే రక్తపరీక్ష లెక్క) 42 వచ్చింది. ముగ్గురు డాక్టర్ల చీటీలు కలిపితే రోజుకు 12 బిళ్లలు. ఏది ఎప్పుడు వేయాలి, ఎవరికి ఏం చెప్పాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

మందులచీటీ:
ముందు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ మంచం మీద పరచండి. మానేసినవి, నొప్పి బిళ్లలు, ఆయుర్వేదం పొడులు కూడా. పెద్దక్షరాల్లో ఉండే కంపెనీ పేరు వదిలేసి, చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎంజీ రాసుకోండి. గుండె డాక్టరు బిళ్ల, షుగర్ డాక్టరు బిళ్ల పేరూ రంగూ వేరైనా రెండింటిలోనూ టెల్మిసార్టాన్ అనే బీపీ మందు 40 ఎంజీ ఉండొచ్చు. అంటే రోజుకు 80 పడుతోంది. మంచం దిగగానే కళ్లు తిరుగుతుంటే ముందు ఇదే చూడాలి.

కాగితం మీద అయిదు గడులు: మందు, ఎంజీ, ఎప్పుడు, ఎవరు రాశారు, ఎందుకు. "ఎందుకు" గడి ఖాళీగా మిగిలిన మందు గురించి డాక్టరును మొదట అడగండి. రెండు వారాలకని రాసిన గ్యాస్ బిళ్ల ఏళ్ల తరబడి నడవడం చాలా ఇళ్లలో ఉన్నదే.

థైరాయిడ్ బిళ్ల థైరాక్సిన్ పరగడుపున, మంచినీళ్లతో. కాఫీకి, టిఫిన్‌కు కనీసం అరగంట ముందు, గంటైతే ఇంకా మంచిది. కాల్షియం, ఐరన్ దానికి 4 గంటల ఎడంగా వేయాలి. కలిపి మింగితే థైరాక్సిన్ ఒంటికి పట్టదు, థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, డోసు అనవసరంగా పెంచుతారు. షుగర్ బిళ్ల మెట్‌ఫార్మిన్ అన్నంతో. ఈజీఎఫ్ఆర్ 45 కంటే తగ్గితే దాని డోసు తగ్గించాలా అని అడగాలి, 30 కంటే తగ్గితే ఆపేస్తారు.

స్ట్రిప్పు కత్తిరించేటప్పుడు పేరు, ఎక్స్‌పైరీ ఉన్న కొస చివరిదాకా ఉంచండి.

పల్లెనర్సు:
అన్నిటికంటే ప్రమాదం వాంతులు, విరేచనాల రోజు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు టెల్మిసార్టాన్ లేదా రామిప్రిల్ లాంటి బీపీ బిళ్ల, మూత్రం ఎక్కువ వచ్చే బిళ్ల, నొప్పి బిళ్ల మూడూ పడితే కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతింటుంది. ఆ రోజుల్లో వీటితోపాటు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ బిళ్లలు కూడా సాధారణంగా ఆపమంటారు. మామూలుగా తిని తాగడం మొదలయ్యాక 24 నుంచి 48 గంటలకు మళ్లీ మొదలుపెడతారు. ఇన్సులిన్ మాత్రం సొంతంగా మానేయకూడదు. ఏవి ఆపాలో డాక్టరుతో ముందే ఆ కాగితం వెనక రాయించుకోండి. అర్ధరాత్రి ఎవరినీ అడగలేం.

మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ కొనడం పూర్తిగా మానాలి.

ఉప్పూకారం:
"బీపీకి మంచిది" అని లో సోడియం ఉప్పు కొంటున్నారా? అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. కిడ్నీ పనితనం తగ్గి, టెల్మిసార్టాన్ వాడేవాళ్లకు రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పొచ్చు. డాక్టరును అడగకుండా వాడొద్దు. మామూలు ఉప్పే తగ్గించండి, రోజంతటికీ 5 గ్రాములు దాటకూడదు. ఆవకాయ, అప్పడం, వడియాల్లో ఉన్నదీ ఈ లెక్కలోదే.

కృష్ణాతీరం:
బీపీ ఆసుపత్రిలో 160, ఇంట్లో 132. ఏది చెప్పాలి?

మందులచీటీ:
రెండూ చెప్పండి. ఇంట్లో చూసే పద్ధతి సరిగా ఉండాలి. కాఫీ తాగి అరగంట అయ్యాక, మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. పట్టీ గుండె ఎత్తులో, జాకెట్టు చేతి మీద కాకుండా చర్మం మీదే కట్టాలి. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున, సాయంత్రం, 7 రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంటి లెక్కలో 135/85 దాటితే ఎక్కువ.

పల్లెనర్సు:
కాగితం పైన, మందులకంటే ముందు, ఆవిడకు ఎక్కువ ఇబ్బంది పెడుతున్నదేదో ఆవిడ మాటల్లోనే రాయండి. "రాత్రి నాలుగుసార్లు లేస్తున్నాను" అని ఉంటే, సాయంత్రం వేసే మూత్రం బిళ్లను పొద్దుటికి మార్చవచ్చేమో డాక్టరు చూస్తారు. షుగర్ లక్ష్యమూ అడగండి. ఇన్ని జబ్బులున్న పెద్దవాళ్లకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8 లోపు చాలని చాలాసార్లు అంటారు. మరీ కిందికి లాగితే షుగర్ పడిపోయి జారిపడతారు. షుగర్ బిళ్ల గ్లిమెపిరైడ్‌తోపాటు మెటోప్రొలాల్ లాంటి గుండె బిళ్ల ఉంటే వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. చెమట పట్టగానే షుగర్ చూడండి. 70 కంటే తక్కువైతే 3 చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.