హాల్లో నీటి తోట వారం తిరక్కుండానే పచ్చబడుతోంది, ఏం చేయాలి?

లత (పటమట, విజయవాడ):
హాల్లో పడమటి కిటికీ పక్కన వెడల్పాటి గాజు తొట్టి పెట్టాం. అందులో అంతరతామర, కాస్త హార్న్‌వర్ట్ (నీళ్ళలో మునిగి పెరిగే మొక్క), నాలుగు గప్పీ చేపలు. ప్రతి ఆదివారం నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళు తోమి కడిగి, కొళాయి నీళ్ళు నింపుతున్నాను. అయినా బుధవారానికల్లా అడుగున రాళ్ళు కనబడనంత పచ్చగా అయిపోతున్నాయి. పక్కింటావిడ పటిక తిప్పమంటున్నారు. తిప్పొచ్చా?

ప్రసాద్ (బ్రాడీపేట, గుంటూరు):
పటిక వద్దండీ లత గారూ. దానితో నీళ్ళలో ఆమ్లగుణం పెరుగుతుంది, చేపలు తట్టుకోలేవు. ముందు ఆ కిటికీ సంగతి చూడండి. సాయంత్రం ఎండ సూటిగా పడే చోట నాచు పెరగకుండా ఉండదు. తొట్టిని లోపలికి జరిపి, పైన ఎల్‌ఈడీ లైటు పెట్టండి. రోజుకు 8 గంటలు చాలు.

నీళ్ళన్నీ మార్చడం మాత్రం ఇవాళే ఆపేయండి. చేపల మలం, కుళ్ళిన ఆకుల నుంచి చేపలకు హాని చేసే అమోనియా వస్తుంది. దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఆ రాళ్ళనే అంటుకుని బతుకుతుంది. మీరు వాటిని తోమినప్పుడల్లా అది పోతోంది. వారానికి పావు వంతు నీళ్ళు మారిస్తే సరిపోతుంది. కొళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ముందురోజే బకెట్లో పట్టి, మూత లేకుండా ఉంచండి. తీసిన నీళ్ళు కుండీలకు పోయండి, మొక్కలు ఎంత బాగా వస్తాయో చూడండి!

నాచుకూ మొక్కలకూ ఆహారం ఒకటే, ఆ నైట్రేట్ లాంటివే. అందుకే హార్న్‌వర్ట్ ఇంకా పెంచండి. మనీప్లాంట్ కాడ ఒకటి వేళ్ళు మునిగేలా అంచుకు తగిలించండి. మా తొట్టిలో దాని వేళ్ళు జానెడు సాగాయి, గప్పీ పిల్లలు వాటి మధ్యే దాక్కుంటాయి. నీళ్ళు తేటగా ఉంటున్నాయంటే ఆ వేళ్ళ పుణ్యమే. అంతరతామరను మాత్రం సగానికి మించి కమ్మనివ్వకండి, గాలి ఆడదు. ఆకు పసుపెక్కితే ఆ పూటే గిల్లేయండి.

రమణ (భవానీపురం):
మేత కూడా తగ్గించండి. రెండు నిమిషాల్లో తినేసేంతే వేయాలి. గప్పీలు ఉన్నాయి కాబట్టి దోమపిల్లల టెన్షన్ లేదు. చేపలు లేని గిన్నెల్లో మొక్కలు పెట్టి ఉంటే, వారానికోసారి నీళ్ళు పారబోసి గిన్నె అంచులు రుద్దండి. డెంగీ దోమ గుడ్లు అక్కడే అంటుకుంటాయి.

లత:
చాలా థాంక్సండీ. ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు బోరు నీళ్ళు కలపొచ్చా?

ప్రసాద్:
మీ బోరు నీళ్ళకు బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంటే వద్దండీ. నీళ్ళు ఆవిరైనా అందులోని ఉప్పు పోదు, పోసిన కొద్దీ పేరుకుంటుంది. నిలవబెట్టిన కొళాయి నీళ్ళే పోయండి. మే నెలలో మధ్యాహ్నాలు చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే గాలి పంపు వేయండి. నీళ్ళు వేడెక్కితే వాటికి ఆక్సిజన్ చాలదు.