పర్లాకిమిడిలో ఆటపాటల బడి: అక్షరాలు దిద్దించకపోతే ఎలా?

తనయగట్టు:
వేసవి సెలవుల తర్వాత మా ఇంటి కింది భాగంలో చిన్న బడి పెడుతున్నాను. 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలు, 12 మందికి మించి తీసుకోను. బంకమట్టి, రంగులు, పాట, కథ. ఏ పూట ఏం చెయ్యాలో పిల్లలే ఎంచుకుంటారు. వర్క్‌షీట్లు ఉండవు. మనం ఉండేది ఒడిశాలోనైనా మన పిల్లలకి తెలుగులోనే మొదలు. మీరేమంటారు?

గుణుపురం మాస్టారు:
రాయడం ఎప్పుడు మొదలమ్మా? అది చెప్పలేదు.

కాశీనగరం:
ఫీజెంత?

తనయగట్టు:
అద్దె లేదు. ఇద్దరు టీచర్ల జీతం, సామాను ఖర్చు పంచుకుంటే ఎంతైతే అంత.
మాస్టారూ, రాతకి తొందర లేదు. 2020 జాతీయ విద్యా విధానమే 3 నుంచి 8 ఏళ్ళ దాకా ఒకటే పునాది దశ అని, ఆటలతో నేర్పమంది. గుజరాత్ విద్యావేత్త గిజుభాయి బధేకా 1920లోనే భావనగర్‌లో బాలమందిరం అని పసిపిల్లల బడి పెట్టారు. ఇటలీలో రెజియో ఎమీలియా అనే ఊళ్ళో 1963లో మునిసిపాలిటీయే ఇలాంటి బడి తెరిచింది. అక్కడి బళ్ళలో బొమ్మల పనికి వేరే గది, కళ తెలిసిన టీచరు ఉంటారు.

గుణుపురం మాస్టారు:
ఇటలీ సంగతి మనకెందుకు? మా మనవరాలిని రెండేళ్ళు ప్లే స్కూల్‌కి పంపాం. ఒకటో తరగతి అడ్మిషన్లో పేరు రాయమంటే పెన్సిల్ పట్టుకుని దిక్కులు చూసింది. మళ్ళీ యూకేజీలో కూర్చోబెట్టారు. ఆ రోజు మా కోడలు అన్నం ముట్టలేదు. పిల్లలకేం తెలుసని వాళ్ళ ఇష్టానికి వదిలేస్తారు?

రాయగడ కోడలు:
అంగన్‌వాడీలో గుడ్డు పెడతారు. మీరు పెడతారా?

తనయగట్టు:
వదిలెయ్యడం కాదండీ. మొన్న పక్కింటి బాబు మా అరుగు మీద ఎర్రమన్ను, బియ్యప్పిండి విడివిడిగా కలిపాడు. పిండి జావలా జారింది, మన్ను వేలికి అంటుకుంది. ఆ తేడా చూసుకుంటూ గచ్చంతా చుక్కలు పెట్టి "వాన" అన్నాడు. మర్నాడు నేను అక్కడ ఒక రేకు ముక్క, చిల్లుల డబ్బా, చెంబెడు నీళ్ళు పెట్టాను. వాన చప్పుడు వాడే తెప్పించాడు. వాడు ఎటు పోతున్నాడో చూసి, తర్వాత ఏది అందుబాటులో పెట్టాలో ఆలోచించడమే టీచరు పని. ఊరికే కూర్చునే పని కాదిది.

గుణుపురం మాస్టారు:
మీ అబ్బాయి విశాఖలో చదివాడు. మీకు అటు వెళ్ళే దారుంది. మాకు లేదు. ప్రయోగాలకి మా పిల్లలే దొరికారా?

తనయగట్టు:
మా అబ్బాయి ఊసెందుకు? నేను పుట్టింది ఇక్కడే, ఉండేదీ ఇక్కడే. మాట జాగ్రత్త.

కాశీనగరం:
పెద్దవాళ్ళు, కాస్త నెమ్మదించండి.

గుణుపురం మాస్టారు:
నా కోపం మట్టి మీద కాదు. 1936లో మనల్ని ఒడిశాలో కలిపారు. బళ్ళో, కచేరీలో, ఉద్యోగంలో ఒడియా కావాలి. అది రాక నేను వెనక బెంచీలో నోరు మూసుకుని కూర్చున్నాను. మనవరాలిని పేరు రాయమన్నది కూడా ఒడియాలోనే. మీరు మళ్ళీ తెలుగుతో మొదలంటున్నారు.

తనయగట్టు:
ఆ మాట ముందే అనాల్సింది మాస్టారూ. నేను తెలుగు అనేదీ అందుకే. గిడుగు రామమూర్తి గారు ఇదే ఊళ్ళో ఉండి ఇక్కడి గిరిజనుల భాష సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే వాచకాలు రాశారు, బళ్ళు పెట్టారు. ఇంటి మాటలో నోరు తెరిచిన పిల్లకి పక్క భాషంటే బెరుకుండదు. నా ఇద్దరు టీచర్లలో ఒకామె ఒడియా ఆవిడే. ఆమె కథలు, పాటలు ఒడియాలోనే సాగుతాయి.

గుణుపురం మాస్టారు:
పాటలు చాలవు. అయిదో ఏడు నిండాక రోజూ అరగంట ఒడియా అక్షరాలు దిద్దించండి, మా మనవణ్ణి నేనే తెచ్చి చేరుస్తాను.

తనయగట్టు:
దిద్దించను. రెండు భాషల అక్షరాలూ పుస్తకాల్లో, గోడల మీద కళ్ళెదురుగా ఉంటాయి. అడిగిన పిల్లకి ఆ పూటే చూపిస్తాం. అడగని పిల్లని బలవంతంగా కూర్చోబెట్టం.

గుణుపురం మాస్టారు:
ఆ అడగని పిల్లాడు మా వాడే అయితే? ఒకటో తరగతి గుమ్మంలో వాడి పక్కన నిలబడేది మేమమ్మా, మీరు కాదు.