టెస్టుల్లో పాత ఇఫ్‌లు తీసేయవచ్చా?

కావలి నుంచి: మా రొయ్యల చెరువుల మేత లెక్కల ప్రోగ్రామ్ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. దాన్ని పరీక్షించే పైటెస్ట్ ఫైళ్లలో "పైథాన్ వెర్షన్ 3.8 కంటే తక్కువైతే" అనే ఇఫ్‌లు (షరతులు) 17 చోట్ల ఉన్నాయి. ఇప్పుడు 3.10, ఆపైనే నడుపుతున్నాను. తీసేస్తే ఏమైనా చెడుతుందేమోనని భయం.

ఒంగోలు నుంచి: ధైర్యంగా తీసేయండి. పైథాన్ 3.7కు మద్దతు 2023 జూన్‌లోనే ముగిసింది. అసలు ప్రమాదం వేరే ఉందండీ. ఫలితం సరైనదో కాదో చూసే అసర్ట్ వాక్యం ఇఫ్ లోపల ఉంటే, షరతు తప్పినప్పుడు ఏదీ సరిచూడకుండానే టెస్టు పాసవుతుంది. ఇలాగే నేను రెండు నెలలు తప్పుడు లెక్కను నమ్మాను. విండోస్‌లో నడవనిది ఉంటే స్కిప్ఇఫ్ (షరతు నిజమైతే ఆ టెస్టును వదిలేయమనే గుర్తు) పెట్టండి. వదిలేసిన సంగతి ఫలితాల్లో కనిపిస్తుంది.

కందుకూరు నుంచి: చెరువు రకాన్ని బట్టి ఇఫ్‌లుంటే పారామెట్రైజ్ (ఒకే టెస్టును వేర్వేరు విలువలతో నడిపే పద్ధతి) వాడండి. ఒక్కో రకం విడి టెస్టుగా నడుస్తుంది.

కావలి నుంచి: తీసేశాను. ఒకచోట షరతు తలకిందులుగా ఉంది, ఆ అసర్ట్ ఇన్నాళ్లూ నడవనే లేదు. ఈ రాత్రే సరిచేస్తాను.