జమ్మలమడుగు నుంచి ఒక్కరోజు: గండికోట ఒక్కటే చాలా, బెలుం యాగంటి కూడా కలపాలా?

నాచారం_అక్క
వచ్చే నెల జమ్మలమడుగులో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. మర్నాడు తెల్లారకముందే కార్లో బయల్దేరి, దార్లో చూసేవి చూసుకుంటూ రాత్రికి హైదరాబాద్ చేరాలి. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, పిల్లలిద్దరూ స్కూలు వయసు. మా ఆయన గండికోట, బెలుం గుహలు, యాగంటి మూడూ అయిపోతాయంటున్నారు, నాకేమో రోజంతా ఉరుకులు పరుగులే అవుతుందని భయం. చూసినవాళ్ళు చెప్పండి.

రోడ్డు_రాజు
అవుతాయండీ, మీ ఆయన మాటే కరెక్ట్. గండికోట జమ్మలమడుగుకి పదిహేను కిలోమీటర్లే, ఆరింటికల్లా అక్కడుంటే తొమ్మిదికి కదలొచ్చు. వెనక్కొచ్చి కొలిమిగుండ్ల రోడ్డు పట్టుకుంటే బెలుం, అక్కణ్ణుంచి అవుకు మీదుగా బనగానపల్లె, యాగంటి, ఆ తర్వాత కర్నూలు, హైవే. అన్నీ ఇంటికెళ్ళే వైపే ఉంటే వదిలేసి పోవడమేంటి, మళ్ళీ అటు ఎప్పుడొస్తారో ఏమో.

పెన్నాగట్టు
మాది జమ్మలమడుగే అక్కా. ఈ మూడు గంటల లెక్కతో వచ్చినోళ్ళు శానామంది గండికోట చూడకుండానే పోతాండరు. కారు ఆపేది, నేరుగా లోయ అంచుకు పోయేది, ఫోటోలు తీసుకునేది, మళ్ళీ కారెక్కేది. లోయ బాగుంటుంది, కాదనను, పెన్న ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటా పోయిన చోటు అది. కానీ కోట సంగతేంది? జామా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, మాధవరాయ గుడి, రంగనాథుని గుడి, జైలు, ఇవన్నీ ఒకే గోడ లోపల ఉండాయి, ఆ గోడల మధ్య ఇప్పటికీ జనం కాపురముండే ఊరుంది. 1650లో గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లా ఈ కోటనేలే పెమ్మసాని నాయకుల దగ్గర్నుంచి కోట పట్టుకున్నాడు, ఇంకో రెండేండ్లకు టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు వచ్చి, గుళ్ళలో రాగి విగ్రహాలు కరిగించి ఇక్కడ ఫిరంగులు పోస్తాండేది రాసినాడు. అది తెలుసుకోని మాధవరాయ గుడిలో అడుగుపెట్టి చూడండి, గర్భగుడి ఖాళీగా ఉంటుంది, స్తంభాల మీద శిల్పం మాత్రం మొన్న చెక్కినట్టుంటుంది, కాసేపు మాట రాదు. దీనికి పూట చాలదు, రోజు పెట్టుకోండి.

రోడ్డు_రాజు
అన్నా, చరిత్ర మీద ప్రేమ ఉన్నోళ్ళకి మీ మాట రైటే. కానీ పిల్లలు ఎండలో శిథిలాల మధ్య రోజంతా తిరుగుతారా చెప్పండి, కోటలో నీడ తక్కువ, బండలు కాలిపోతాయి. వాళ్ళకి బెలుమే పండగ.

సున్నపురాయి
బెలుం విషయంలో నేను రాజు గారి వైపే. 3,229 మీటర్ల గుహ అది, అంతా చూడనివ్వరు గానీ తెరిచినంత మేర నడిచినా పిల్లలు జన్మలో మర్చిపోరు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు, తర్వాత దాదాపు వందేళ్ళకి జర్మనీ వాళ్ళొచ్చి కొలతలు తీశారు, 2002లో జనానికి తెరిచారు. పైనేమో మామూలు చేను లాంటి నేల, మెట్లు దిగితే కింద ఒకప్పుడు నీళ్ళు పారి తొలిచిన సున్నపురాయి సందులు, కొన్నిచోట్ల తల వంచుకునే పోవాలి. ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నా, లోపల చల్లగా ఉంటుందనుకోకండి, విపరీతమైన ఉక్క. గాలి పంపే గొట్టాలు పెట్టారు, వాటి దగ్గర నిలబడితే ప్రాణం లేచొస్తుంది, రెండడుగులు దాటితే మళ్ళీ చొక్కా తడిసిపోతుంది. గుహ అట్టడుగున ఉండే పాతాళగంగ దాకా అంటే ఇంకా మెట్లు, అత్తయ్యగారిని దింపకండి, పైనే ఎవరైనా తోడుండండి.

తాడిపత్రోడు
అందరూ ఆ మూడింటి చుట్టే తిరుగుతాండరు, పక్కనే ఉండే తాడిపత్రి ఎవరికీ కనపడలేదా? పెన్న గట్టున బుగ్గ రామలింగేశ్వరుని గుడి, పూర్తి కాని గోపురాలు, ఉన్నంతవరకు అరచేయంత చోటు కూడా శిల్పం లేకుండా వదల్లేదు. చింతల వెంకటరమణుని గుడిలో రాతి రథం ఉంది, చక్రాలతో సహా. జనం రథం కోసం హంపికి పోతారు, ఇంటి పక్కన ఉండేది చూడరు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దామెకు ఇదే సుఖం, ఎక్కేది దిగేది తక్కువ, దేవుని దర్శనమూ అవుతుంది. మధ్యాహ్నం గుడి మూస్తారు, పొద్దున్నే పోవాల.

పెన్నాగట్టు
తాడిపత్రి గుళ్ళ మీద నాకు గౌరవమే గానీ అక్క పోయేది హైదరాబాదుకు, అది ఇంకో దిక్కు కదప్పా.

తాడిపత్రోడు
దిక్కు మారితే ఏమైతాది, తాడిపత్రి నుంచి బెలుం ముప్పై కిలోమీటర్లు. గండికోట తీసేసి తాడిపత్రి పెట్టుకోమంటాండా.

నాచారం_అక్క
అందరికీ థాంక్సండీ. అత్తయ్యకి ఇవన్నీ చదివి వినిపించా, ఆవిడ యాగంటి బసవన్నని చూడకుండా ఇల్లు చేరనంటున్నారు, కాబట్టి అది ఖాయం. మిగిలింది గండికోటా బెలుమా అన్నదే. పిల్లలు బెలుం అంటున్నారు, నాకు మాత్రం పెన్నాగట్టు గారు చెప్పిన మాధవరాయ గుడి మీదే మనసు.

పెన్నాగట్టు
అయితే ఒక పని చెయ్యండక్కా, పెళ్ళి ముందురోజే వచ్చేయండి. మధ్యాహ్నం భోజనం కాగానే గండికోటకు పోయి పొద్దుగుంకేదాకా నిదానంగా తిరగండి, అత్తయ్యగారు మసీదు దాకా కార్లో రావచ్చు. లోయ అంచున మాత్రం పిల్లల చెయ్యి వదలొద్దండి, అక్కడ కంచె లేదు, బండ మీంచి బండ మీదికి దుంకబుద్ధవుతుంది పిల్లోళ్ళకు. పెళ్ళి మర్నాటి సంగతికొస్తే రాజన్న చెప్పిన అవుకు దారే మంచిది, దాంట్లో నాకు తగువు లేదు.

రోడ్డు_రాజు
అలా అయితే నేనూ ఒప్పుకుంటా. బెలుం టికెట్ కౌంటర్ పదింటికి తెరుస్తారు, అంతకన్నా ముందెళ్ళి ఎండలో నిలబడొద్దు.